జనవరిలో ఇచ్చే డబ్బుతో జూన్ విత్తనం వేయలేం

చిన్న గ్రాంట్లు ఇచ్చే కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలకు, ఫౌండేషన్లకు, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మా పల్లెల్లో ఆడవాళ్ల సంఘాలు చేస్తున్న పోషకాహార పనికి మీరిచ్చిన సాయానికి కృతజ్ఞతలు. అది లేకపోతే చాలా ఊళ్లలో పెరటి తోటలు మొదలయ్యేవే కావు.

మీ గ్రాంట్ల షరతులు, డబ్బు వచ్చే తేదీలు ఈ పనికి ఎలా అడ్డుపడుతున్నాయో ఈ ఉత్తరంలో రాస్తున్నాం. ఇవి కొత్త సంగతులు కావు. మాకు గ్రాంటు ఇచ్చిన సంస్థకు రాతపూర్వకంగా పంపాం. జిల్లా కార్యాలయంలో కాపీ ఇచ్చాం. రివ్యూ మీటింగుల్లో నోటితోనూ చెప్పాం. "నోట్ చేసుకున్నాం" అన్నారు. తర్వాత వచ్చిన మంజూరు పత్రంలో మళ్లీ అవే షరతులు, అవే తేదీలు. ఒక్క సంస్థతో ఇబ్బంది అయితే వాళ్లతోనే మాట్లాడుకునేవాళ్లం. పక్క మండలాల సంఘాలు కూడా ఇదే మాట చెబుతున్నాయి కాబట్టి అందరి ముందు పెడుతున్నాం.

ముందు పరిస్థితి చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. పొరుగున తెలంగాణలో రక్తహీనత ఉన్న పిల్లలు 70 శాతం. ఇవి తిండి అసలే దొరకని ఊళ్ల లెక్కలు కావు. రేషన్ బియ్యం మనిషికి నెలకు ఐదు కిలోలు ఉచితంగానే వస్తున్నాయి. కడుపు నిండుతోంది గానీ పళ్లెంలో పప్పు పల్చబడింది, ఆకుకూర వారానికి ఒకసారి కనిపిస్తే గొప్ప, పండు జ్వరం వచ్చినప్పుడే.

మా ప్రాంతం ఎప్పుడూ ఇలా లేదు. మడకశిర, కళ్యాణదుర్గం వైపు ఇప్పటికీ పెద్దవాళ్లను అడిగితే కొర్రన్నం, రాగి సంగటి, అనపకాయల పులుసు, చేను గట్టు మీద దొరికే గురుగాకు, చెంచలాకు గురించి చెబుతారు. వేరుశెనగ వచ్చి చేలన్నీ కమ్మేసింది. మొదట్లో సాళ్ల మధ్య కంది, అలసంద ఉండేవి. చాలా చోట్ల తర్వాత అవి కూడా పోయాయి. అమ్ముకునే పంట మిగిలింది, వండుకునే పంట పోయింది. వంద గ్రాముల రాగుల్లో క్యాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినమంటుంది. కూలికి పోయే ఇంట్లో నలుగురికి ఆ లెక్కన కొనాలంటే రోజుకు కిలోన్నరకు పైగా కూరగాయలు కావాలి. ఎవరు కొనగలరు?

అందుకే సంఘాలు ఈ పని మొదలుపెట్టాయి. జాలాడి (అంట్లు తోమే చోటు) నీళ్లు పారే చోట నాలుగు మళ్లు కట్టి తోటకూర, పుండికూర (గోంగూర), బచ్చలి, వంగ వేయడం, పందిరికి బీర, సొర, కాకర పాకించడం, గడప పక్కన ఒక మునగ చెట్టు. కొర్రలకు పొట్టు తీసే చిన్న మిషను ఊళ్లోనే పెట్టడం. ఒంటరి ముసలివాళ్లకూ బాలింతలకూ సంఘం తరఫున ఒక పూట వండి పెట్టడం. తల్లిదండ్రులు బెంగళూరు వలస పోతే అవ్వాతాతల దగ్గర మిగిలిన పిల్లలకు సాయంత్రం ఉడకబెట్టిన అలసందలో, శెనక్కాయలో ఇవ్వడం. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు. రెండు మూడు లక్షల గ్రాంటుతో మూడు నాలుగు ఊళ్లలో నడిచే పనులు. సరిగ్గా ఈ చిన్న పనులే మీ నిబంధనల కింద నలిగిపోతున్నాయి. ఎలాగో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. డబ్బు వచ్చే కాలం, విత్తే కాలం వేరు.

మంజూరు జనవరిలోనో ఫిబ్రవరిలోనో అవుతుంది. మార్చి 31 లోపల ఖర్చు చూపించి యూసీ (డబ్బు వాడినట్టు ధ్రువపత్రం) పంపమంటారు. మా జిల్లాలో ఏడాది మొత్తం వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. అందులో ఎక్కువ పడేది సెప్టెంబరులో. ఫిబ్రవరిలో విత్తనాలు పంచితే అవి మొలకెత్తి రెండాకులు వేసే వేళకు ఎండలు ముదురుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లున్నాయి. అలాంటి ఊళ్లో ఒక తల్లి బీరపాదుకు నీళ్లు పోస్తుందా, పిల్లలకు స్నానం చేయిస్తుందా? తోట ఎండిపోతుంది. జూన్‌లో మృగశిర కార్తె వచ్చి నేల పదునయ్యేసరికి చేతిలో విత్తనం ఉండదు, గ్రాంటు ఖాతా మూసేసి ఉంటుంది. ఆ తర్వాత వచ్చే రిపోర్టులో "లబ్ధిదారుల్లో ఆసక్తి తక్కువ" అని రాస్తారు. ఆ మాట చదివినప్పుడు నాకు చాలా బాధ వేసింది. ఆసక్తి లేక కాదండీ, నీళ్లు లేక.

దీనికి చట్టాన్ని కారణంగా చూపిస్తున్నారు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను ప్రకారం అర్హత ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, నిజమే. కానీ అదే చట్టం కొనసాగుతున్న ప్రాజెక్టుకు వెసులుబాటు ఇచ్చింది. మిగిలిన డబ్బును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు చేయవచ్చు. ప్రాజెక్టును మొదట్లోనే "కొనసాగే ప్రాజెక్టు"గా బోర్డు ఆమోదిస్తే చాలు. రోడ్లకు, బడి భవనాలకు ఈ వెసులుబాటు వాడుకుంటున్నప్పుడు కూరగాయల మడికి ఎందుకు వాడరు?

2. వస్తువుకు డబ్బు ఉంది, మనిషికి లేదు.

బడ్జెట్‌లో విత్తనాల కిట్టుకు, ఫెన్సింగుకు, బ్యానరుకు, మిషనుకు హెడ్ (ఖర్చు పద్దు) ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి, పురుగు పడితే వేపకషాయం చేయించి, బాలింతను పలకరించి, సంఘం లెక్కలు రాసే మనిషికి హెడ్ ఉండదు. "అడ్మిన్ ఖర్చు ఐదు శాతం దాటకూడదు" అంటారు. సీఎస్ఆర్ నియమాల్లోని ఆ ఐదు శాతం పరిమితి కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చు మీద పెట్టినది. ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ కోసం నేరుగా చేసే ఖర్చును ఆ నిర్వచనంలోంచే మినహాయించారు. అలాంటప్పుడు ఊళ్లో తిరిగే కార్యకర్త జీతం మీద ఆ కత్తెర ఎందుకు పడుతోంది?

మూడు లక్షల గ్రాంటులో ఐదు శాతం అంటే పదిహేను వేలు. ఏడాదికి. నెలకు పన్నెండు వందల యాభై రూపాయలతో నాలుగు ఊళ్లు ఎవరు తిరుగుతారు? బస్సు చార్జీలకే సరిపోవు. ఒక సంఘ సభ్యురాలు ఇంట్లో మాట పడి, కూలి పోగొట్టుకుని కొన్నాళ్లు తిరుగుతుంది. తర్వాత మానేస్తుంది. ఆమె మానేసిన రోజు నుంచి ఆ ఊళ్లో పని ఆగుతుంది. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం ఇన్ని ఊళ్లకు పాకిందంటే రైతు సాధికార సంస్థ ఊరూరా సీఆర్పీలను (తోటి రైతులకు నేర్పే ఊరి కార్యకర్తలను) పెట్టి, వాళ్లకు గౌరవ వేతనం ఇచ్చి నడిపింది కాబట్టే. స్వయం సహాయక సంఘాల ఉద్యమం పెరిగిందీ అలాగే. మనుషులకు ఖర్చు పెట్టకుండా మన దగ్గర నిలబడిన పని ఒక్కటి చూపించండి.

3. ముందు మీరు పెట్టుకోండి, తర్వాత ఇస్తాం అనే పద్ధతి.

మొదటి విడత కొంచెం ఇస్తారు. మిగతాది బిల్లులు పంపాక. ఆ బిల్లులు పాసయ్యేదాకా సంఘం తన పొదుపులోంచి పెడుతుంది, చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తుంది. అంటే ఏడాదికి 24 శాతం. ఆ వడ్డీ ఏ హెడ్ కిందా రాదు. పేదింటి ఆడవాళ్లు పెద్ద కంపెనీ ప్రాజెక్టుకు వడ్డీ కట్టడం అన్నమాట. ఇది తప్పు అని చెప్పడానికి నాకు ఇంకో పదం అక్కర్లేదు.

4. సంతలో జీఎస్టీ బిల్లు దొరకదు.

వంటశాలకు కావలసిన కూరగాయలు, రాగులు ఊళ్లో రైతు దగ్గరే కొంటాం. అలా కొంటే ఆయనకూ నాలుగు డబ్బులు, మాకూ తాజా సరుకు. ఆయన్ను జీఎస్టీ బిల్లు ఇమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడు? తన చేలో పండించిన పంట అమ్ముకునే రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదని 2017 నాటి చట్టమే చెబుతోంది. అయినా మీ ఆడిటరు బిల్లు లేదని ఖర్చు కొట్టేస్తాడు. దాంతో సంఘాలు టౌనుకు పోయి, బిల్లు ఇచ్చే షాపులో, అదే రాగిపిండిని ప్యాకెట్లలో ఎక్కువ ధరకు కొంటున్నాయి. ఊరి పోషకాహారం కోసం ఇచ్చిన డబ్బు ఊరి రైతుకు చేరడం లేదు.

5. ఆడవాళ్ల సమాఖ్యకు నేరుగా డబ్బు రాదు.

మా మండల సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనవి. సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి లాభం కోసం కాని సెక్షన్ 8 కంపెనీయో, 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను నమోదులు ఉన్న ట్రస్టో, సొసైటీయో కావాలి, పైగా కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. సమాఖ్యలు సాధారణంగా ఇందులో ఇమడవు. మధ్యలో ఒక సంస్థ ఉండాల్సిందే. విదేశీ విరాళాల దారి 2020 సవరణతో ఇంకా ఇరుకైంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద డబ్బు తెచ్చుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. నగరంలోని పెద్ద సంస్థల ద్వారా పల్లెలోని చిన్న సంస్థకు వచ్చే లక్ష, రెండు లక్షలు అలా ఆగిపోయాయి. ఆ చట్టాలు మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. మధ్య సంస్థను ఎంచుకోవడం, దానితో రాసుకునే ఒప్పందంలో సమాఖ్య మాటకు చోటివ్వడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

6. ఆరు నెలల్లో రక్తం పెరగాలి.

ఫలితాల కాలమ్‌లో "హిమోగ్లోబిన్ పెరుగుదల" అని రాయించుకుంటారు. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు, మలేరియా, కాన్పుల మధ్య ఎడం, ఇంట్లో ఆడమనిషి చివరగా తినడం, ఇన్ని కలిసి నిర్ణయించే అంకెను నాలుగు ఆకుకూరల మళ్లు ఆరు నెలల్లో మార్చలేవు. మార్చలేదని ప్రాజెక్టు ఆపేస్తారు. వారంలో ఎన్ని రోజులు ఆకుకూర వండారు, ఎన్ని రకాలు తిన్నారు, పప్పు ఎన్నిసార్లు పెట్టారు అని అడిగితే మేం నిజాయితీగా చెప్పగలం. అవే తొలి మెట్లు.

7. ఏడాది తిరిగేసరికి వెళ్లిపోతారు.

దీని గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. మా వైపు పొట్టు తీసే మిషన్లు తాళం పడి ఉన్న గదులున్నాయి. ప్రారంభం రోజు తిరిగాయి, ఫొటోలు తీశారు, జియోట్యాగ్ చేశారు. ఆ తర్వాత జల్లెడ అరిగింది, బెల్టు తెగింది, త్రీఫేజ్ కనెక్షన్‌కు డిపాజిట్ కట్టేవాళ్లు లేరు. బాగుచేయించడానికి ఐదారు వేలు చాలు. ఆ ఐదారు వేలకు ఏ బడ్జెట్‌లోనూ హెడ్ లేదు. ప్రాజెక్టు "పూర్తయింది" కదా. కొర్రలు వేసిన రైతులు పొట్టు తీయించుకోవడానికి టౌనుకు మూటలు మోయలేక మరుసటి ఏడాది వేరుశెనగకే పోయారు. కొర్రలు రోట్లో దంచే ఓపిక ఈ రోజుల్లో ఏ కోడలికీ లేదు, ఉండాలని అడగడం న్యాయమూ కాదు. ఒక బెల్టు ఖర్చు దగ్గర ఒక ఊరి తిండి మారే అవకాశం ఆగిపోయింది.

నిలబడిన పనుల వెనుక కాలం ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి ఉంది. 1990ల్లో అక్కడి దళిత మహిళల సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చాయి. సాగుకు తీసుకున్న అప్పును రైతులు జొన్నల రూపంలో తిరిగి కట్టారు, ఆ గింజలను ఊళ్లోనే నిల్వ చేసి పేదింటివాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మొదలుపెట్టిన నాటికి, ఆ గుర్తింపుకు మధ్య ఎన్ని ఏళ్లో చూడండి. మేం ముప్ఫై ఏళ్లు అడగడం లేదు. మూడేళ్లు అడుగుతున్నాం.

ఇవన్నీ చివరికి ఎవరి మీద పడుతున్నాయో కూడా చెప్పాలి. భూమి లేని ఇంటి గర్భిణి మీద. సుగ్గికి (వలస కూలికి) పోయిన కొడుకు పంపే డబ్బు కోసం ఎదురుచూసే ముసలమ్మ మీద. సంఘం వంట మొదలైందని సంబరపడి, మార్చి తర్వాత పళ్లెం పట్టుకుని వచ్చి, తలుపు మూసి ఉంటే వెనక్కి పోయిన పిల్లల మీద. వాళ్లకు యూసీ అంటే ఏమిటో, విడత అంటే ఏమిటో తెలియదు. సంఘం అక్కలు మాట తప్పారని మాత్రమే తెలుసు. ఊళ్లో ఆ నమ్మకం ఒకసారి పోతే మళ్లీ పది రూపాయల పొదుపు కట్టించడం కూడా కష్టం.

గ్రాంటు ఇచ్చే సంస్థలను అడుగుతున్నవి:

1. తిండి, తోటలకు సంబంధించిన ప్రతి ప్రాజెక్టునూ మూడేళ్ల కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదించండి. మొదటి విడత మే నెలాఖరుకు సంఘం చేతిలో ఉండాలి.

2. గ్రాంటులో కనీసం మూడో వంతు ఊళ్లో పనిచేసే మనుషుల వేతనానికి, ప్రయాణానికి కేటాయించండి. దాన్ని అడ్మిన్ ఖర్చుగా చూడొద్దు, అదే అసలు పని.

3. విడతలు ముందుగా ఇవ్వండి. బిల్లులు తర్వాత ఆడిట్ చేసుకోండి, ఎంత గట్టిగా చేసినా మాకు అభ్యంతరం లేదు.

4. రైతు దగ్గర, సంతలో కొన్న సరుకుకు సంఘం తీర్మానంతో కూడిన చేతిరాత వోచరును, అమ్మినవారి సంతకం లేదా వేలిముద్రతో ఒప్పుకోండి.

5. ఏ మిషను ఇచ్చినా మూడేళ్ల మరమ్మతు ఖర్చు, కరెంటు కనెక్షన్ డిపాజిట్, నడిపే ఇద్దరికి శిక్షణ కలిపి ఇవ్వండి. అవి ఇవ్వలేకపోతే మిషను ఇవ్వొద్దు.

6. ప్రపోజల్, రిపోర్టు ఫారాలు తెలుగులో ఉండాలి. రెండు లక్షల గ్రాంటుకు నలభై పేజీల ఇంగ్లీషు ఫారం నింపడానికి సంఘాలు టౌనులో డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకోవాల్సి వస్తోంది.

జిల్లా యంత్రాంగాన్ని అడుగుతున్నవి:

1. బడుల్లో 2023 మార్చిలో వారానికి మూడు రోజుల రాగిజావ మొదలైంది. అంగన్‌వాడీలు, సంక్షేమ హాస్టళ్లు కూడా ఉన్నాయి. వీటికి కావలసిన రాగులు, కూరగాయలు, ఆకుకూరల్లో కొంత భాగం స్థానిక మహిళా సంఘాల దగ్గర కొనేలా ఉత్తర్వు ఇవ్వండి. కొనేవాళ్లు ఖాయంగా ఉంటే గ్రాంటు అయిపోయాక కూడా పని నడుస్తుంది. మా అన్ని కోరికల్లోనూ ఇది ముఖ్యం.

2. నారుమళ్లు, మునగ, బొప్పాయి మొక్కల పెంపకం, పెరటి నీటి గుంతలు ఉపాధి హామీలో పెట్టండి. నిబంధనల్లో చోటున్నా మండల స్థాయిలో అంచనాలు రాసేవాళ్లు లేరు.

3. సంఘాల పొట్టు మిషన్లకు కరెంటు కనెక్షన్ ఆలస్యం కాకుండా చూడండి. తాళం పడి ఉన్న మిషన్ల జాబితాను మండలాలవారీగా తయారు చేయించండి. ఆ జాబితాకు మా సంఘాలు సాయం చేస్తాయి.

4. గ్రాంటు సంస్థలు, సమాఖ్యలు, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్, వ్యవసాయ, ఉద్యాన శాఖలు కలిసి ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి కూర్చునే సమావేశం కలెక్టరు గారి అధ్యక్షతన పెట్టండి. వచ్చే సీజనుకు ఎవరు ఏం ఇస్తారో అక్కడే రాసుకుందాం, ఆ నిర్ణయాలను తెలుగులో పంచాయతీ బోర్డు మీద పెడదాం.

మా లెక్కల పుస్తకాలు, వోచర్లు, తీర్మానాల రిజిస్టర్లు ఎవరు వచ్చి అడిగినా చూపిస్తాం. తోటలు ఎండిన ఊళ్లకూ తీసుకెళ్తాం, నిలబడిన ఊళ్లకూ తీసుకెళ్తాం. వచ్చేటప్పుడు ముందుగా చెప్పకపోయినా ఫర్వాలేదు.

వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్లు మీ బోర్డుల ముందుకు వెళ్లేలోపు ఈ పది అంశాల మీద అవునో కాదో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. కాదన్న చోట కారణం రాయండి. ఆ జవాబును మేం ప్రతి సంఘం సమావేశంలో చదివి వినిపిస్తాం.

ఇట్లు,
మహిళా సంఘాల పోషకాహార పనిలో ఉన్న ఒక కార్యకర్త,
అనంతపురం జిల్లా